అక్క చూసిన సముద్రం

పోయిన ఆదివారం పుంగనూరులో మా అక్క కూతురి ఇంట్లో భోజనాలయ్యాక అందరం టీవీ ముందు కూర్చున్నాం. అక్క మనవరాలూ ఆమె మొగుడూ బెంగుళూరులో ఉద్యోగాలు చేస్తున్నారు. ఇద్దరూ చెన్నై ఓడరేవులో విహారనౌక ఎక్కి, మూడు రోజులు సముద్రం మీద తిరిగి, దిగినాక మెరీనా బీచీ, లైట్‌హౌసూ, శాంథోమ్ చర్చీ అన్నీ చూసుకుని వచ్చారట. ఆ ఫోటోలన్నీ సెల్‌ఫోన్లోంచి టీవీలోకి ఎక్కించి ఒక్కొక్కటే చూపిస్తున్నారు. ఈ మధ్య నాకు ఎవరి ఫోటోలు చూడాలన్నా అలసటే. అయినా పెద్దవాణ్ణి కదా, మధ్యలో లేచి వెళ్తే బాగుండదని కళ్లద్దాలు తుడుచుకుంటూ కూర్చున్నాను. తెల్లటి ఓడ, దాని మీద ఈతకొలను, చుట్టూ నీలంగా నీళ్లు. పిల్ల ఉత్సాహంగా తిరిగి, జేజీ, నువ్వెప్పుడన్నా సముద్రం చూసినావా అని అడిగింది. కుర్చీలో కాళ్లు చాపుకుని కూర్చున్న మా అక్క, మెడ కూడా తిప్పకుండా, “మీయమ్మకు పెండ్లి కాకముందే చానాసార్లు సూసినాను పాపా” అంది. అందరూ నిజమేనన్నట్టు తలలూపారు. నేను మళ్లీ కళ్లద్దాలు తీసి తుడవడం మొదలుపెట్టాను. మా అక్క ఈ జన్మలో సముద్రం చూడలేదు. ఆ సంగతి ఆమెకూ నాకూ తప్ప ఎవరికీ తెలియదు, చూడకపోవడానికి కారణం నేనేనన్న సంగతీ ఎవరికీ తెలియదు.

నా వయసు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, తొంభైలలో మా వైపు ఎండాకాలం వస్తే మదనపల్లె బస్టాండు గోడల మీదా పుంగనూరు టీకొట్ల మీదా పసుపుపచ్చ కాగితాలు అంటించేవాళ్లు, మద్రాసు యాత్ర, సముద్రం, ఓడలు, పాముల పార్కు, లైట్‌హౌసు, భోజన వసతి కలదు అని. ఆ కాగితాలు అంటించినవాణ్ణి నేనే. మా మేనమామకు ఒక పాత బస్సు ఉండేది. పెళ్లిళ్లు లేని రోజుల్లో దాన్ని యాత్రలకు తిప్పేవాడు. మదనపల్లెలో డిగ్రీ రెండుసార్లు తప్పి ఇంట్లో కూర్చున్న నన్ను పిలిచి మేనేజరన్నాడు. మేనేజరంటే పొద్దున తలలు లెక్కపెట్టడం, మధ్యాహ్నం తలలు లెక్కపెట్టడం, ఎవరికైనా వాంతులైతే నిమ్మకాయ అందివ్వడం, అంతే. వంటకు మా అక్కను పెట్టుకున్నాడు. బావ పోయినప్పటి నుంచి అక్క ఆడపిల్లను చంకనేసుకుని నిమ్మనపల్లె వైపు టమాటా తోటల్లో కూలికి పోతూ, పెళ్లిళ్లలో వంటలు చేస్తూ బతుకుతుండేది. ఆమె చేత్తో చేసిన పప్పు తిన్నవాళ్లు ఇంకో ఊర్లో పెళ్లికి ఆమెనే పిలిపించేవాళ్లు.

పప్పు అన్నాను కాబట్టి నీళ్ల సంగతి చెప్పాలి, మా ప్రాంతం వాళ్లకు చెప్పనక్కర్లేదు గాని. మా దగ్గర నీళ్లు రెండు రకాలు, పప్పు ఉడికే నీళ్లు, ఉడకని నీళ్లు. ఉప్పు తగిలిన నీళ్లలో కందిపప్పు ఎంతసేపు మరిగించినా వేసింది వేసినట్టే ఉంటుంది. కొత్తగా పెళ్లయి వచ్చిన కోడలికి అత్త మొదట చూపించేది ఏ బావి నీళ్లు పప్పుకు పనికొస్తాయన్నదే. మద్రాసులో మేం దిగేది ట్రిప్లికేన్‌లో, గుడికి దగ్గరున్న ఒక సత్రంలో. అక్కడి చేతిపంపులో వచ్చేవి ఉప్పునీళ్లు, మంచినీళ్లకు ట్యాంకరు దగ్గర బిందెల వరస ఉండేది. అంత పెద్ద సముద్రం పక్కనే పెట్టుకుని తాగడానికి నీళ్లు లేని ఊరికి మేం కరువు సీమ నుంచి నీళ్లు మోసుకుపోయేవాళ్లం. పుంగనూరు బయట ఒక రైతు బావి నుంచి అక్క దగ్గరుండి నీళ్లు పట్టించి, ఆ క్యాన్ల పిడులకు తన పాత చీర చింపి ఎర్రగుడ్డ కట్టేది. ఎర్రగుడ్డ ఉంటే పప్పునీళ్లు. గుడ్డ ఉన్నా సరే, గుండిగలో పోసే ముందు ఒక గుక్క నోట్లో వేసుకుని చూడాలి, అది ఆమె నియమం. చూడకుండా పోస్తే ఆమెకు నచ్చేది కాదు.

సాయంత్రం పుంగనూరులో బయలుదేరితే తెల్లవారేసరికి సత్రం చేరేవాళ్లం. యాత్రికులు మొహాలు కడుక్కుని ఉప్మా తిని సముద్రానికి పోయేవాళ్లు. అక్కడి నుంచి లైట్‌హౌసు, మ్యూజియం, పాముల పార్కు, హార్బరు గోడ పక్క రోడ్డు మీద బస్సు నెమ్మదిగా పోనిస్తే అవతల ఓడల పొగగొట్టాలు, పైన జెండాలు. ఎప్పుడైనా అండమాన్ ఓడ నిలబడి ఉంటే అందరూ ఒక పక్కకే వచ్చి కిటికీల మీద పడేవాళ్లు, డ్రైవరు తిట్టేవాడు. మధ్యాహ్నం ఒంటిగంటకు తిరిగొచ్చేసరికి ఆకులు వేసి ఉండాలి. తిన్నాక గుడి, బజారు, పొద్దుగూకే వేళకు తిరుగు ప్రయాణం. ఈ లెక్కలో అక్కకు సముద్రం ఎక్కడా కుదిరేది కాదు. వాళ్లు పోయినప్పుడు వంట, వచ్చినప్పుడు వడ్డన, తర్వాత గుండిగలు తోమి బస్సెక్కించడం. సముద్రం ఆ సత్రానికి నడిచిపోతే పావుగంట. సాయంత్రం గాలి పెరట్లోకి వచ్చేది, అప్పుడప్పుడు ఓడ కూత కూడా వినపడేది. ఏటా రెండు మూడుసార్లు చొప్పున ఏడేళ్లు పోయింది ఆమె ఆ ఊరికి. ప్రతిసారీ బస్సెక్కేటప్పుడు ఒక్కసారి నాతో అనేది, ఈ తూరన్నా సూపిస్తావా రా అని. నేను ప్రతిసారీ వచ్చే ట్రిప్పుకు అనేవాణ్ణి. అబద్ధమాడాలని కాదు. నాకు నిజంగానే వచ్చే ట్రిప్పు ఉంటుందనిపించేది.

చూడలేకపోయినా ఆమె ఊరుకోలేదు. వడ్డించేటప్పుడు ఒక్కొక్కరినీ అడిగేది, ఎట్లుండాదప్పా అని. మా వాళ్ల జవాబులు మా వాళ్లవే. బైరెడ్డిపల్లె వైపు నుంచి ఒక పెద్దాయన వచ్చాడు ఒకసారి, ఆరు బోర్లు వేయించి ఆరూ ఎండిపోయిన మనిషి. మాకు బోరులో పడ్డ నీళ్లను అంగుళాల్లో చెప్పడం అలవాటు, రెండంగుళాలు పడితే ఊరంతా వచ్చి చూసిపోతారు. ఆయన ఇసుకలో చాలాసేపు నిలబడి, ఇది ఎన్ని అంగుళాలుంటుందని నన్నడిగాడు. నేను నవ్వాను. అన్నం దగ్గర అక్క అడిగితే ఆయన నవ్వకుండా చెప్పాడు. “ఏం సెప్పేదమ్మా, అన్ని నీళ్లూ ఊరికే పడుండాయి. ఒక్క మడి కూడా తడవదు.” మదనపల్లె పంతులమ్మ ఒకామె, అల వెనక్కి పోయేటప్పుడు పాదాల కింద ఇసుకను లాక్కుపోతుందని, మనల్ని కూడా రమ్మన్నట్టే ఉంటుందని చెప్పింది. గంగవరం నుంచి వచ్చిన కొత్త పెళ్లికూతురు మాత్రం సముద్రం చాలా గోల చేస్తుందని, తలనొప్పి వచ్చిందని చెప్పింది. అక్క అన్నీ శ్రద్ధగా వినేది, గరిటె చేతిలో పట్టుకుని, పక్కవాడికి సాంబారు ఆలస్యమవుతున్నా సరే.

ఇక ఆ చివరి ట్రిప్పు. దానికి ముందు ట్రిప్పులో నేనొక ఘనకార్యం చేశాను. తలల లెక్క తప్పి, మదనపల్లె టమాటా మండీ వ్యాపారి తల్లిని పాముల పార్కులో వదిలేసి వచ్చాను. రెండు గంటల తర్వాత వెనక్కి పోయి చూస్తే ఆమె మొసళ్ల ముందు బెంచీ మీద కూర్చుని జంతికలు తింటోంది. ఆమె నన్నేమీ అనలేదు, మామ మాత్రం అందరి ముందూ చెప్పాడు, ఇంకొక్క తప్పు చేసినావంటే బస్సు దిగిపో అని. ఆయన అన్నాడంటే చేసేవాడే. అప్పుడే నాకు కుప్పం వైపు సంబంధం మాట్లాడుతున్నారు, మేనేజరన్న ఒక్క మాట చూసి. అందుకని ఈసారి మామే స్వయంగా యాత్రికులను తిప్పుతానన్నాడు, నన్ను సత్రం దగ్గర ఉండమన్నాడు. నాకు అవమానంగానే తోచింది గాని, అక్కకు మాత్రం దారి దొరికింది. నేను పొయ్యి దగ్గర ఉంటాను, నువ్వు పోయి చూసి రా అన్నాను. ఆమె నా మొహంలోకి చూసింది, నిజంగానా అన్నట్టు.

పొద్దున తొమ్మిదికి ఆమె ఆకులూ పెరుగూ తేవడానికి బజారుకు పోయింది, పప్పుకు ఎసరు పెట్టమని నాకు చెప్పి. ఎర్రగుడ్డ కట్టిన క్యాను ఎత్తి గుండిగలో వంపాను. నోట్లో వేసుకుని చూడలేదు. బస్సులో కునుకు లేదు, చిరాకుగా ఉంది, ఇంతకాలం మేనేజరుగా తిరిగినవాణ్ణి ఇప్పుడు నీళ్లు రుచి చూసుకుంటూ కూర్చోవాలా అని కూడా అనుకున్నానేమో. ఎసరు మరిగాక కడిగిన పప్పు వేశాను. దారిలో యాత్రికులు ఆ క్యాను నీళ్లు తాగేశారని, చేతులు కడుక్కోవడానికి ఉంటాయని డ్రైవరు దాన్ని తెల్లవారుజామున సత్రం పంపు దగ్గర నింపి పెట్టాడని నాకు తెలియదు. గుడ్డ మాత్రం అట్లాగే ఉంది. అక్క తిరిగొచ్చి పప్పు వేసినావా అని అడిగింది, వేశానన్నాను. ఆమె మూత తీసి చూడలేదు. ఆమె నా మాట మీద పొయ్యిని వదిలిపెట్టడం అదే మొదటిసారి, కడసారి కూడా. గబగబా కూరగాయలు తరిగి, అన్నం గుండిగకు బియ్యం కడిగిపెట్టి, స్నానం చేసి, సంచిలో అడుగున మడిచి పెట్టుకున్న ఆకుపచ్చ చీర కట్టుకుంది. తల దువ్వుకుని, సత్రం ముందు పూలమ్మే ఆమె దగ్గర ఒక మూర కనకాంబరాలు కొనుక్కుంది. అట్లా తయారైన అక్కను బావ పోయాక నేను చూడలేదు. దారి ఏముంది, వీధి చివరిదాకా పోయి మలుపు తిరిగితే పెద్దరోడ్డు, రోడ్డు దాటితే ఇసుక, ఇసుక దాటితే సముద్రం. అట్లాగే అప్పజెప్పి పంపించాను.

ఆమె వీధిలోకి పోయిన కాసేపటికి మూత తీసి, రెండు బద్దలు గరిటెతో తీసి వేళ్ల మధ్య నొక్కాను. నలగలేదు. ఇంకో రెండు తీశాను. అప్పుడు క్యానులో మిగిలిన నీళ్లు నోట్లో పోసుకున్నాను. ఆ ఉప్పుదనం ఇప్పటికీ నాలుక మీద ఉంది. బస్సు నిండా మనుషులు ఒంటిగంటకు ఆకుల ముందు కూర్చుంటారు, మామ మొదటి ముద్ద కలుపుతాడు, పప్పు పలుకులు పలుకులుగా తగులుతుంది, అంతే, అక్కడితో నా మేనేజరీ అయిపోతుంది, కుప్పం సంబంధం కూడా అయిపోతుంది. ఇంకేమీ ఆలోచించలేదు. పొయ్యి తగ్గించి, చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తాను.

వీధి చివర, మలుపుకు పది అడుగుల ముందు దొరికింది. తాపీగా నడుస్తోంది పాపం, అటూ ఇటూ చూసుకుంటూ, గాలికి కొంగు ఎగురుతుంటే ఒక చేత్తో పట్టుకుని. సముద్రం గాలి మొహాన కొడుతోంది, చప్పుడు కూడా వినిపిస్తోంది. అక్కా అని పిలిచాను. తిరిగి చూసింది. నా మొహం చూడగానే ఆమెకు సగం అర్థమైపోయింది. పప్పు ఉడకలేదని చెప్పాను. “నీళ్లు నోట్లో ఏసుకోని సూసినావా?” అంది. ఆమె ఇంకేమీ అడగలేదు, ఎర్రగుడ్డ సంగతి గాని, మామ సంగతి గాని. మలుపు వైపు ఒక్కసారి కూడా చూడకుండా వెనక్కి తిరిగి, చీర కుచ్చిళ్లు పైకి దోపుకుంటూ నాకన్నా ముందు నడవడం మొదలుపెట్టింది. “రోలుంది గదా, నూరుదాంలే, ఏడవాకు” అంది. నేను ఏడుస్తున్నానని నాకు అప్పటిదాకా తెలియదు.

సగం ఉడికిన ఆ పప్పునంతా వార్చి, ఎండుమిరపకాయలు వేయించి, వెల్లుల్లి, చింతపండు వేసి, సత్రం పెరట్లో రోట్లో విడతలు విడతలుగా నూరింది. ఆకుపచ్చ చీర కొంగు నడుముకు చుట్టి, చెమటకు కనకాంబరాలు మెడ మీదికి జారి అతుక్కుపోయి. మిగిలిన మంచినీళ్లు ఇంకో పప్పుకు చాలవు, వాటితో టమాటా చారు పెట్టాం. ఒంటిగంటకు బస్సు వచ్చేసరికి ఆకులు వేసి ఉన్నాయి. పప్పు పచ్చడి, చారు, వంకాయ కూర. ఇంత మంచి పచ్చడి ఏ యాత్రలోనూ తినలేదని ఒకాయన మళ్లీ మళ్లీ వేయించుకున్నాడు. పప్పు యాల చేయలేదని మామ అడిగితే, రోజూ పప్పేనా అని ఈసారి మార్చినానని అక్కే చెప్పింది. మామ తృప్తిగా తేన్చాడు. ఆయన తిన్నాక నేను పెరట్లోకి పోయి అక్క చేతులు చూశాను, కుడి అరచెయ్యి బొబ్బలెక్కి ఉంది.

తిరుగు ప్రయాణంలో అసలు సంగతి జరిగింది. ఊరు దాటాక మామ ముందు సీటులోంచి తిరిగి, అందరికీ వినపడేట్టు, “ఏం పాపా, పొద్దున సూసొచ్చినావా సముద్రం?” అని అడిగాడు. నేను పంపిస్తానన్న సంగతి ఆయనకు ముందే చెప్పి ఉన్నాను. చూడలేదంటే ఎందుకు చూడలేదంటాడు, ఎందుకంటే పప్పు బయటపడుతుంది. అక్క కిటికీ దగ్గర కూర్చుని ఉంది, చెయ్యి కొంగులో దాచుకుని. “సూసినా మామా,” అంది. “అన్ని నీళ్లూ ఊరికే పడుండాయి. ఒక్క మడి కూడా తడవదు.” బస్సంతా నవ్వింది. పంతులమ్మ చెప్పిన ఇసుక సంగతి కూడా చెప్పింది, పెళ్లికూతురి తలనొప్పి కూడా తన తలనొప్పిగా చెప్పింది. ఎంత బాగా చెప్పిందంటే, పొద్దున సముద్రంలో తడిసి వచ్చినవాళ్లే నోళ్లు తెరుచుకుని విన్నారు. నా వైపు మాత్రం చూడలేదు.

ఆ తర్వాత ఇంకో ట్రిప్పు లేదు. వరసగా కరువు పట్టింది, పసుపుపచ్చ కాగితాలు ఎన్ని అంటించినా సీట్లు నిండలేదు, మామ బస్సు అమ్మేశాడు. నాకు కుప్పం సంబంధం కుదిరింది, ఆ ఊర్లోనే ఒక కాలేజీ హాస్టల్లో భోజనశాల చూసుకునే ఉద్యోగం దొరికి, అందులోనే తల నెరిసింది. కుప్పంలో పొద్దున రైలెక్కితే మధ్యాహ్నానికి చెన్నైలో ఉండొచ్చు. ఎన్నిసార్లు పోయానో లెక్క లేదు, సామాన్లకనీ, కళ్ల డాక్టరుకనీ. అక్కను ఒక్కసారీ తీసుకుపోలేదు. మొదట్లో సిగ్గు, తర్వాత తీరిక లేకపోవడం, ఆ తర్వాత ఆమె చూసినట్టే అందరూ అనుకుంటున్నారు కదా అనే బద్ధకం. ఈలోగా ఆమె కూతురికి, కూతురి పిల్లలకు, వీధిలో పిల్లలకు అన్నం తినిపిస్తూ ఆ సముద్రమే చెప్తూ వచ్చింది. నేను పక్కనుంటే నాకు వినపడేది, ఇది బైరెడ్డిపల్లె ఆయన మాట, ఇది పంతులమ్మ మాట అని.

ఆదివారం ఫోటోలు చూశాక నాకు నిద్ర పట్టలేదు. తెల్లవారి అక్క పెరట్లో ఎండకు కూర్చుని మోకాళ్లకు నూనె రాసుకుంటుంటే పక్కన పోయి కూర్చున్నాను. ఇద్దరమే పోదాం, కారు మాట్లాడుతాను, ఇసుక దాకా చక్రాల కుర్చీ కూడా దొరుకుతుందట, ఎవరికీ చెప్పనక్కర్లేదు అన్నాను. అంతేకాదు, కావాలంటే నిజం నేనే అందరికీ చెప్పేస్తాను, తప్పు నాది కదా అని కూడా అన్నాను. ఆమె నూనె రాయడం ఆపలేదు.

“ఇప్పుడేం పోయేదిలేప్పా,” అంది. “ఇన్నేండ్లు పిల్లోళ్లకు సెప్పినా. ఆడికి పోయి సూస్తే, అది నేను సెప్పినట్ల లేకపోతే ఏం జేసేది?”

నూనె సీసాకు మూత పెట్టి ఆమే, కాఫీ తాగినావా అని అడిగింది.

ఇప్పుడు ఎవరూ పొయ్యి కోసం వెనకబడి ఉండక్కర్లేదు. నీళ్లు సీసాల్లో దొరుకుతాయి, అన్నం అడుగడుగునా దొరుకుతుంది, మా ఊళ్ల నుంచి పిల్లలు పొద్దున అనుకుని సాయంత్రానికి సముద్రంలో కాళ్లు పెట్టి వస్తారు. మంచిదే. వాళ్లను చూసి నాకు అసూయ లేదు, ఓపికా లేదు. హాస్టల్లో నేను వేల మందికి పప్పు ఉడికించాను, రోజూ ఎసరు పోసే ముందు ఒక గుక్క నోట్లో వేసుకుని మరీ. అన్నేళ్లూ ఆ పని చేస్తూనే ఒక చిన్న సంగతి తెలుసుకున్నాను, తెలిసినప్పటి నుంచి అది నన్ను వదిలిపెట్టలేదు. ఉప్పునీళ్లలో పడ్డ పప్పు ఇంకో అరగంట ఆలస్యమైనంత మాత్రాన పాడైపోదు. మంట తగ్గించి పెట్టాక అది ఉడికేదీ లేదు, మాడేదీ లేదు. అంటే ఆ రోజు ఆ మలుపు దగ్గర అక్కను పిలవకుండా, పక్కనే నడిచి పోయి, చూసుకోనిచ్చి వెనక్కి తీసుకొచ్చి ఉన్నా, ఆ పచ్చడి ఒంటిగంటకు అయ్యేది.